జెంబే ఎవరితో మాట్లాడుతుంది? పశ్చిమాఫ్రికా దరువులు నేర్చుకోవడం, పంచుకోవడం

తెలుగులో వాద్యాన్ని వాయిస్తాం, కొడతాం, మోగిస్తాం. బాగా వాయించినవాణ్ణి మెచ్చుకోవాలనుకున్నప్పుడు "మద్దెల పలికించాడు" అంటాం. గినియా, మాలి దేశాల్లోని మలింకే ప్రజలకు అది రోజూ వాడే మాట. జెంబే అనే డోలు వాయించేవాణ్ణి వాళ్ళు జెంబేఫోలా అంటారు. 'ఫో' అంటే చెప్పడం, పలకడం. 'లా' అనేది ఆ పని చేసేవాణ్ణి సూచించే ప్రత్యయం, మన 'పాటగాడు'లోని 'గాడు' లాంటిది. జెంబేను పలికించేవాడు జెంబేఫోలా.

పలుకు అన్నాక వినేవాళ్ళుండాలి, బదులిచ్చేవాళ్ళుండాలి. ఈ దరువులు నేర్చుకునేవాళ్ళు ఎక్కువగా దారి తప్పేది ఇక్కడే. దరువును ఒంటరిగా పట్టుకుంటారు. ఏ దెబ్బ చర్మం మధ్యలో పడాలి, ఏది అంచున పడాలి, కుడిచెయ్యా ఎడమచెయ్యా అని గళ్ళు గీసి రాసుకుంటారు, కంఠతా పడతారు, ఇంకొకరికి పంచుతారు. ఆ దరువు ఎవరితో మాట్లాడుతోందన్నది మాత్రం ఎవరూ అడగరు. గత నలభై ఏళ్ళలో జెంబే బెర్లిన్, టోక్యోల దాకా వెళ్ళింది. హైదరాబాద్, బెంగళూరు నగరాల్లో వారాంతపు డ్రమ్ సర్కిళ్ళకూ వచ్చింది. దానితోపాటు కూకూ, కస్సా, సోలి, జోలే, దునున్బా లాంటి దరువుల పేర్లూ వచ్చాయి. ఒక్కో పేరు కింద పుస్తకంలో ఒక్కో వరుస. కొంతకాలం నేర్చుకున్న ఎవరికైనా ఒక రోజు అదే పేరుతో వేరే గురువు దగ్గర వేరే దరువు వినిపిస్తుంది. "ఇందులో ఏది అసలైనది?" అన్న అనుమానం మొదలవుతుంది. ఆ అనుమానానికి జవాబు వెతికితే ఈ సంగీతం ఎలా కట్టి ఉందో బోధపడుతుంది.

దరువు పేరు ఎక్కడ దాగుంటుంది

జెంబే ఒకే దుంగను తొలిచి చేసిన, గిన్నె కింద గొట్టం అతికించినట్టుండే డోలు. లెంకే అనే గట్టి చెట్టు కర్రకు మంచి పేరు. పైన మేకతోలు. వట్టి చేతులతో వాయిస్తారు. ప్రధానంగా మూడు నాదాలు: తోలు మధ్యలో అరచేయి పడితే గుమ్మని లోతైన శబ్దం, అంచున వేళ్ళు కలిపి కొడితే గుండ్రని శబ్దం, అదే అంచున వేళ్ళు వదులుగా విసిరితే చురుక్కుమనే శబ్దం. ఈ మూడో నాదం గొంతు దాటి వినిపిస్తుంది, అందుకే అందరి చూపూ జెంబే మీదే పడుతుంది. కానీ ఏ దరువు మోగుతోందో గుర్తుపట్టడానికి మలింకే ఊళ్ళలో పెద్దలు ఆలకించేది పక్కనున్న మూడు దుందున్‌లను.

దుందున్ అంటే రెండువైపులా ఆవుతోలు బిగించిన పీపా ఆకారపు డోలు. అన్నింటికన్నా పెద్దది దునున్బా, నడిమిది సంగ్బాన్, చిన్నది కెన్కెని. (నైజీరియాలోని యోరుబా ప్రజలకు దుందున్ అనే పేరుతోనే నడుము సన్నగా ఉండే డోలు ఒకటుంది. అది పూర్తిగా వేరే వాద్యం, పేర్లు కలవడంతో చాలామంది పొరబడతారు.) గినియా ఎగువ ప్రాంతంలో, కురుస్సా పట్టణం చుట్టూ ఉన్న హమానా సీమలో, ముగ్గురు మనుషులు మూడు దుందున్‌లు వాయిస్తారు. ఒక్కొక్కరూ ఒక చేత్తో కర్ర పట్టి తోలు మీద కొడుతూ, రెండో చేత్తో డోలుకు కట్టిన ఇనుప గంటను మోగిస్తారు. అంటే ఒక్కో మనిషి దగ్గర రెండు వరుసలు. మూడు డోళ్ళు, మూడు గంటలు కలిసేసరికి అది ఒక రాగం లాంటిదవుతుంది.

జెంబే మీద వాయించే తోడు దరువులు చాలా పేర్లకు దాదాపు ఒక్కటే. కస్సాకు వాయించే తోడు దరువును తీసుకెళ్ళి ఇంకో నాలుగు చోట్ల వాయించినా ఇమిడిపోతుంది. దరువును దరువుగా నిలబెట్టేది సంగ్బాన్. మలింకే గురువులు దాన్ని గుండెకాయ అంటారు. జెంబే వరుసలు మాత్రమే రాసుకుని "నాకు ముప్ఫై దరువులు వచ్చు" అనుకునే విద్యార్థి చేతిలో ఉన్నవి ముప్ఫై దరువుల మీది పైపూత మాత్రమే. కొత్తగా నేర్చుకునేవాళ్ళు మొదట దుందున్ పట్టాలని, జెంబే తర్వాత పట్టాలని అనుభవజ్ఞులు పదేపదే చెప్పేది ఇందుకే. చాలా తరగతుల్లో ఇది జరగదు. జెంబే కొనుక్కుని వచ్చిన మనిషికి దుందున్ ఇచ్చి నిలబెట్టడం కష్టం.

పన్నెండు గళ్ళ గంట

వరుసల మధ్య సంబంధం అంటే ఏమిటో మాటల్లో చెప్పడం కన్నా చేతులతో చూడటం తేలిక. దీనికి గినియా నుంచి కొంచెం తూర్పుకు, ఘనా, టోగో తీరంలోని ఎవే ప్రజల దగ్గరికి వెళ్ళాలి. వాళ్ళ సంగీతంలో జంట గంట ఒకటుంటుంది, గంకోగుయి. దాని మీద మోగే ఒక వరుస పశ్చిమాఫ్రికాలో చాలా చోట్ల, అట్లాంటిక్ దాటి క్యూబాలో కూడా వినిపిస్తుంది. పన్నెండు అక్షరాలు లెక్కపెట్టుకుని ఒకటి, మూడు, అయిదు, ఆరు, ఎనిమిది, పది, పన్నెండు దగ్గర చప్పట్లు కొట్టాలి. తెలుగు అక్షరాల్లో రాస్తే ఇలా ఉంటుంది:

తం . తం . తం తం . తం . తం . తం

ఇది కాసేపు వస్తే సరిపోదు, ఇంతవరకూ ఇది ఒంటరి వరుసే. ఇప్పుడు పాదం కలపాలి. ఒకటి, నాలుగు, ఏడు, పది దగ్గర పాదం నేల మీద పడాలి. పాదం, చప్పట్లు కలిసేది ఒకటి దగ్గర, పది దగ్గర మాత్రమే. మిగిలిన అయిదు చప్పట్లూ పాదాల మధ్య ఖాళీల్లో పడతాయి. నాలుగు, ఏడు దగ్గర పాదం ఒంటరిగా పడుతుంది. మొదటిసారి ప్రయత్నించే వాళ్ళకు ఆ రెండు చోట్లా పాదం ఆగిపోతుంది, లేదా చప్పట్లు జరిగి పాదం మీదికి వచ్చేస్తాయి. మన చెవికి గంట ఒక దారిన, పాదం ఇంకో దారిన పోతున్నట్టుంటుంది. ఎవే పిల్లలకు అలా ఉండదు. వాళ్ళకది ఒకే వస్తువుకు రెండు ముఖాలు.

దీని మీద కగాను అనే చిన్న డోలు చేరుతుంది. పాదం పడిన చోట అది మౌనంగా ఉండి, ఆ వెంటనే వచ్చే రెండక్షరాల మీద మోగుతుంది. "ఉహు, తక, ఉహు, తక" అన్నట్టు నాలుగుసార్లు. ఆ డోలును ఒక్కదాన్నే రికార్డు చేసి వినిపిస్తే, మొదటి 'త' దగ్గరే తాళం మొదలైందని ఎవరైనా పొరబడతారు. గంట, గిలకల బుర్ర, కగాను, కిది, సోగో అనే డోళ్ళు, అన్నింటి మీద పెద్దడోలు అత్సిమెవు. ఒక్కొక్కటీ ఒక్కో చోట నుంచి ఆ నాలుగు పాదాలను చూస్తుంటుంది. ఆ పాదాలను ఏ వాద్యమూ మోగించదు. అవి నాట్యం చేసేవాళ్ళ ఒంట్లో ఉంటాయి.

కర్ణాటక సంగీతంలో ఆదితాళాన్ని చేతితో వేసి చూపిస్తాం. దెబ్బ, వేళ్ళు, విసురు అని కంటికి కనబడుతుంది. ఇక్కడ ఆ చెయ్యి స్థానంలో నర్తకి పాదం ఉంటుంది. అందుకే నాట్యం లేకుండా శబ్దం మాత్రమే విన్న తొలి యూరప్ పరిశోధకులకు లెక్క కుదరలేదు. ఏ. ఎం. జోన్స్ అనే ఇంగ్లీషు మిషనరీ, ఎవే కళాకారుడు డెస్మండ్ టేతో లోహపు పలకలు తట్టించి, కదిలే కాగితం మీద గుర్తులు పడే యంత్రంతో ఈ దరువులను రాయించాడు. 1959లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. ఒక్కో డోలుకు ఒక్కో చోట తాళం మొదలవుతున్నట్టు ఆయన రాశాడు. ఎంత ఓపికతో చేసిన పనో చూస్తే తెలుస్తుంది. కానీ ఘనాలోనే పుట్టి పెరిగిన పండితుడు కోఫీ అగావు తర్వాత చూపించినట్టు, అన్ని డోళ్ళకూ ఉన్నది ఒకే నేల. పాదాలు చూసినవాడికి అది కనబడుతుంది, యంత్రం ముందు కూర్చున్నవాడికి కనబడదు.

మూడు సమానం కాని మూడు

గళ్ళ రాతలో ఇంకో లోటు ఉంది. అది చెవికి వెంటనే దొరికినా చేతికి చాలా ఆలస్యంగా వస్తుంది. గళ్ళన్నీ ఒకే వెడల్పులో ఉంటాయి. మాలి రాజధాని బమాకోలో పెళ్ళిళ్ళకు వాయించే జెంబే బృందాలు అలా వాయించవు.

రైనర్ పొలాక్ అనే జర్మన్ పరిశోధకుడు బమాకోలో ఏళ్ళ తరబడి జెంబే నేర్చుకుని, అక్కడి వాద్యకారులతో కలిసి వాయించినవాడు. ఒక్కో డోలును విడిగా రికార్డు చేసి, దెబ్బకూ దెబ్బకూ మధ్య ఎన్ని మిల్లీసెకన్లు ఉన్నాయో కొలిచాడు. 2010 నుంచి ఆయన ప్రచురించిన పరిశోధనల్లో తేలిందేమిటంటే, చాలా దరువుల్లో ఒక తాళపు దెబ్బలోని భాగాలు సమానంగా ఉండవు. ఒకటి పొట్టి, ఒకటి పొడుగు. ఏది పొట్టి, ఏది పొడుగు అన్నది ఆ దరువుకు ఖాయంగా ఉంటుంది. వేగం పెరుగుతూ పోయినా ఆ పొట్టి పొడుగుల తీరు చెరిగిపోదు. బృందంలో అందరూ ఒకే తేడాను పట్టుకుని వాయిస్తారు. దాన్ని ఒక మనిషి ఇష్టానుసారం చేసే విరుపు అనుకోవడానికి వీల్లేదు.

తిశ్రగతి వచ్చిన తెలుగు మృదంగ విద్యార్థికి ఇది ఆసక్తికరమైన విషయం. తిశ్రం అంటే మూడు సమభాగాలు, 'తకిట'లో మూడక్షరాలకూ ఒకే కాలం. మన లెక్కల్లో భాగాలను ఐదు చేస్తాం, ఏడు చేస్తాం, తొమ్మిది చేస్తాం, కానీ ఆ భాగాలను ఒకదానితో ఒకటి సమానంగానే ఉంచుతాం. బమాకోలో మూడు మూడుగానే ఉంటూ ఒకదానికొకటి సమానం కాకుండా ఉంటాయి. దీన్ని ఏ గతి పేరుతోనూ పిలవలేం. గళ్ళ కాగితం చూసి సమానంగా సాధన చేసిన విద్యార్థి అక్కడి బృందంతో కూర్చున్నప్పుడు ఒక్క దెబ్బ కూడా తప్పకుండా వాయిస్తాడు, అయినా ఎక్కడో బిగుసుకుపోయినట్టు వినిపిస్తుంది. గురువు "వరుస సరిగ్గానే ఉంది" అంటాడు, అని మళ్ళీ వాయించి చూపిస్తాడు. అది గురువు దాచుకున్న రహస్యమేమీ కాదు. ఆ గురువుకూ దాన్ని ఎవరూ విడగొట్టి చెప్పలేదు, వందల రాత్రులు వింటే వచ్చింది.

నోటితో పలికి నేర్పడం ఇక్కడ కాగితం కన్నా ఎన్నో రెట్లు మేలు. నైజీరియాలో పుట్టి అమెరికాలో బోధించిన బాబాతుండే ఒలాతుంజీ జెంబే నాదాలకు పెట్టిన అక్షరాలు ప్రపంచమంతా పాకాయి: గుమ్మనే దెబ్బకు కుడిచేతికి 'గున్', ఎడమచేతికి 'దున్', గుండ్రని దెబ్బకు 'గో', 'దో', చురుకు దెబ్బకు 'పా', 'తా'. తకధిమి పలికి మృదంగం నేర్చుకున్న వాళ్ళకు ఈ పద్ధతి కొత్తగా అనిపించదు. అక్షరం పలికేటప్పుడు నాలుక తనంతట తానే ఒకచోట తొందరపడుతుంది, ఒకచోట సాగుతుంది. ఆ సాగడం, తొందరపడడం గళ్ళలో పడవు, గొంతులో పడతాయి. సెనెగల్‌లో సబర్ డోళ్ళు వాయించే గ్రియో (వంశపారంపర్య కళాకారుల) కుటుంబాల్లో కూడా బోధనంతా నోటితోనే. ఒక చేత్తో, ఒక కర్రతో వాయించే ఆ డోళ్ళను ప్రపంచ వేదికల మీదికి తెచ్చిన దూదు ఎన్ద్యాయే రోజ్ (1930–2015) అలాంటి కుటుంబంలోనే పుట్టాడు.

మొక్కు తీరిన ఆడమనిషి

డప్పు దగ్గర పెరిగినవాళ్ళకు ఒక విషయం ఎవరూ చెప్పనక్కర్లేదు. చావు దరువు వేరు, పెళ్ళి దరువు వేరు, జాతర దరువు వేరు. దూరం నుంచి వినగానే ఆ వీధిలో ఏం జరుగుతోందో తెలిసిపోతుంది. డప్పును మంట దగ్గర కాచి బిగువు తెచ్చినట్టే, ఇప్పటి ఇనుప రింగులు, నైలాన్ తాళ్ళు రాకముందు జెంబేనూ నిప్పుల దగ్గర పెట్టి కాచేవారు. ఈ పోలికను ఇంతకు మించి లాగకూడదు. డప్పుకు కులంతో ముడిపడిన చరిత్ర ఉంది. మలింకేల్లో కోరా, బాలఫోన్ లాంటి వాద్యాలు జెలి అనే వంశపారంపర్య గాయకులవి, జెంబే మాత్రం ఏ వంశానికీ కట్టుబడి లేదు.

సందర్భం విషయంలో మాత్రం రెండూ ఒకటే. కస్సా పొలం దరువు. హమానాలో రైతులు వరుసగా నిలబడి పని చేస్తుంటే డోళ్ళవాళ్ళు వెంట నడుస్తూ వాయిస్తారు. పనిచేసే చేతులకు ఊపు ఇస్తారు, అలసినవాణ్ణి పేరుపెట్టి లేపుతారు. సోలి మగపిల్లల సున్తీ వేడుకకు సంబంధించినది. పెద్ద దుందున్ పేరే ఉన్న దునున్బా అనేది ఒక్క దరువు కాదు, ఒక కుటుంబం. ఆ పేరుతో ఇరవైకి పైగా దరువులున్నాయి. బలవంతుల నాట్యం అంటారు, వయసు జట్ల మధ్య ఎవరు పెద్దో తేల్చుకునే చోటు అది. ఇలా వందలున్నాయి. వీటిలో ఒక్కటి దగ్గర కాస్త ఆగాలి.

దాని పేరు మోరిబాయస్సా. ఒక ఆడమనిషికి పెద్ద కష్టం వస్తుంది. పిల్లలు పుట్టకపోవడమో, ఇంట్లో ఎవరికో తీరని జబ్బో. ఈ గండం గట్టెక్కితే మోరిబాయస్సా ఆడతానని మొక్కుకుంటుంది. ఏళ్ళు పట్టవచ్చు. కష్టం తీరిన రోజు ఆమె చిరిగిన పాత బట్టలు కట్టుకుని డోళ్ళతో కలిసి ఊరంతా మూడుసార్లో ఏడుసార్లో తిరుగుతుంది. పాడుతుంది, ఆడుతుంది, ఊరి ఆడవాళ్ళు వెంట నడుస్తారు. చివర్లో ఆ పాత బట్టలు విప్పి, కొత్తవి కట్టుకుని, పాతవాటిని ఒక చెట్టు కింద పాతిపెడుతుంది. ఈ దరువు ఒక ఆడమనిషి జీవితంలో సాధారణంగా ఒక్కసారే మోగుతుంది. మొక్కు అనే మాట తెలిసిన తెలుగు పాఠకులకు ఇందులో ఒక్క అక్షరం కూడా విడమరచనక్కర్లేదు.

ఈ కథ తెలిసినవాళ్ళు మోరిబాయస్సాను గబగబా వాయించలేరు. చిరిగిన బట్టల్లో ఊరు చుట్టే మనిషి నడక ఎంత వేగంలో ఉంటుందో, డోళ్ళు ఆమె వెనక నడవాలని, ఆమె ఆగితే ఆగాలని తెలిసిపోతుంది. వరుస ఒక్కటే పంచుకున్నప్పుడు పోయేది ఇదీ. అది దొరకాలంటే పెద్ద పరిశోధన అక్కర్లేదు, నాలుగు వాక్యాలు కలిపి పంచుకుంటే చాలు. ఆ నాలుగు వాక్యాలు లేని పుటలే ఎక్కువ ఉండటం బాధాకరం.

సంప్రదాయం వేదిక ఎక్కినప్పుడు

ఇక "ఏది అసలైనది?" అన్న ప్రశ్న. దానికి 1950ల నాటి చరిత్ర కావాలి. గినియాకు చెందిన కవి, నాట్యదర్శకుడు ఫోదేబా కెయితా పారిస్‌లో బాలే ఆఫ్రికన్ అనే నాట్య బృందాన్ని తయారుచేశాడు. 1958 అక్టోబరు 2న గినియా ఫ్రాన్స్ నుంచి విడిపోయి స్వతంత్రమైంది. ఆ బృందం కొత్త దేశపు జాతీయ బృందమైంది. అధ్యక్షుడు సెకు తూరే ప్రభుత్వం దేశం నలుమూలల నుంచి మంచి వాద్యకారులను ఏరి తెచ్చింది. హమానాలోని సంగ్బరలా నుంచి ఫమూదు కొనాతే 1959లో బాలే ఆఫ్రికన్‌లో ప్రధాన జెంబే కళాకారుడిగా చేరి పాతికేళ్ళకు పైగా ఉన్నాడు. బలందుగు అనే ఊరి నుంచి వచ్చిన మమాది కెయితాను 1964లో, పద్నాలుగేళ్ళ వయసులో, జోలిబా అనే రెండో జాతీయ బృందానికి ఎంపిక చేశారు.

ఊళ్ళో ఒక దరువు రాత్రంతా సాగవచ్చు. నర్తకి వలయంలోకి వస్తుంది, ప్రధాన జెంబే ఆమె పాదాన్ని చూసి పలుకుతుంది, ఆమె వెళ్ళిపోతుంది, ఇంకొకరు వస్తారు. వేదిక మీద అంత సమయం ఉండదు. దరువును కుదించారు. అడవి ప్రాంతపు కూకూనీ, తీరప్రాంతపు ముసుగు నాట్యం జోలేనీ, మలింకే దరువులనూ ఒకే బృందం ఒకే వాద్యాలతో వాయించాల్సి వచ్చింది. చతురస్రపు డోళ్ళ మీద మోగే జోలే అలా జెంబే మీదికి మారింది. ఒకే మనిషి మూడు దుందున్‌లను నిలబెట్టి రెండు కర్రలతో వాయించే పద్ధతి పెరిగింది. డోళ్ళకు కట్టే ఇనుప గంటలు పోయాయి. అందరూ ఒక్కసారి ఆగి, ఒక్కసారి ఎత్తుకునే కట్టుదిట్టమైన విరుపులు వచ్చాయి. వినడానికి అద్భుతంగా ఉంటాయి, చాలామందికి జెంబే మీద ప్రేమ పుట్టింది వాటిని చూసే.

ఇందులో చేదు కూడా ఉంది. అదే ప్రభుత్వం అడవి ప్రాంతపు ఊళ్ళలో ముసుగులను, దీక్షా కర్మలను మూఢత్వమని అణచివేసింది. ఊళ్ళో నిషేధించిన నాట్యాన్నే రాజధానిలో, విదేశాల్లో జాతి గర్వంగా చూపించింది. ఫోదేబా కెయితా మంత్రి అయ్యాడు. చివరికి అదే పాలనలో అరెస్టయి 1969లో రాజధాని కొనాక్రీలోని బోయిరో శిబిరంలో ప్రాణాలు కోల్పోయాడు. సెకు తూరే 1984లో మరణించాక జాతీయ బృందాలకు ఆసరా తగ్గింది, కళాకారులు ఒక్కొక్కరే బయటికి నడిచారు. మమాది కెయితా 1988లో బ్రస్సెల్స్ చేరి, 1991లో తామ్ తామ్ మాందింగ్ పేరుతో బడి పెట్టాడు. అది అనేక దేశాల్లో శాఖలుగా పెరిగింది. 2021లో ఆయన కన్నుమూసేనాటికి ఆయన పాఠం అందని జెంబే విద్యార్థి అరుదు. ఫమూదు కొనాతే జర్మనీలో బోధించాడు.

అంటే ప్రపంచం "సంప్రదాయ దరువు" అని రాసుకున్నదానిలో చాలా భాగం ఇప్పటికే ఒక చేతి నుంచి ఇంకో చేతికి మారి, వేదిక ఎక్కి దిగి, బోధన కోసం మళ్ళీ సర్దుకుని వచ్చినది. దీనివల్ల అది నకిలీ అయిపోదు. ఆ గురువుల చిన్నతనం ఊళ్ళోనే గడిచింది, వాళ్ళకు రెండూ తెలుసు, చాలాసార్లు "ఇది ఊళ్ళోది, ఇది బాలే బృందానిది" అని విడదీసి చెప్పారు కూడా. విద్యార్థి రాసుకునేటప్పుడు ఆ విడదీత జారిపోయింది. కూకూ అయిదు రకాలుగా ఉండటం తప్పు కాదు. అయిదింటికీ ఒకే శీర్షిక పెట్టడం తప్పు. ఏ ఊరిది, ఎవరు నేర్పారు, ఎక్కడ, ఏ ఏడు అన్న నాలుగు మాటలు పక్కన ఉంటే గొడవే లేదు. సంగీత కచేరీలో ఒక కీర్తన పాఠాంతరం వినిపిస్తే "ఇది ఎవరి బాణీ?" అని అడగటం మనకు అలవాటే. జెంబేకూ అదే అడగాలి.

ఇక్కడ హైదరాబాద్‌లోని మర్ఫా డోళ్ళ సంగీతం గుర్తొచ్చే పాఠకులు ఉంటారు. నిజాం కాలపు ఆఫ్రికన్ అశ్విక దళం (ఆఫ్రికన్ కావల్రీ) పేరు మీదే ఏసీ గార్డ్స్ ప్రాంతం ఉంది. ఆ దళంలోని సిద్దీల (ఆఫ్రికా సంతతివాళ్ళ), యెమెన్ నుంచి వచ్చిన అరబ్బుల సంగీతం పాతబస్తీ పెళ్ళిళ్ళలో ఇప్పటికీ మోగుతుంది. అది తూర్పు ఆఫ్రికా, అరేబియా తీరాల నుంచి వచ్చిన ధార, జెంబే పుట్టిన చోటు ఖండానికి అటు చివర. "ఆఫ్రికన్ బీట్" అని రెండింటినీ ఒక గాటన కట్టడమంటే, పంజాబీ ధోల్, కేరళ చెండ ఒకటే అన్నట్టు.

పంచుకోవడంలో డబ్బు మాట కూడా రావాలి. వరుసలు ఉచితంగా తిరుగుతాయి, వాటిని మోసుకొచ్చిన కొనాక్రీ వాద్యకారుడికి వీసా దొరకడమే కష్టం. తోలుకు బదులు ప్లాస్టిక్ తొడుగు వేసిన జెంబేలు కర్మాగారాల్లో తయారై ఆఫ్రికా బయటే అమ్ముడవుతాయి. ఘనా 2005లో చేసిన కాపీరైట్ చట్టంలో జానపద కళారూపాల హక్కులను ప్రజల తరఫున దేశాధ్యక్షుడికి అప్పగించింది. వ్యాపారానికి వాడుకోవాలంటే స్వదేశీయులైనా అనుమతి తీసుకోవాలి. సొంత ఊరి దరువు వాడుకోవడానికి ప్రభుత్వాన్ని అడగాలా అని ఘనా కళాకారులే అభ్యంతరం చెప్పారు. ఆ అభ్యంతరంలో న్యాయముంది. చట్టంతో తేలేది తక్కువ. నేర్చుకున్న దరువు మీద తరగతి నడిపి సంపాదించేవాళ్ళు ఏడాదికి ఒకసారైనా ఆ ఊరి గురువును పిలిపించి, తాము పక్కకు తప్పుకుని, ఆయనకు పూర్తి రుసుము ఇవ్వడం తేలికైన, నిజాయితీ గల దారి. కొన్ని బృందాలు ఇప్పటికే అలా చేస్తున్నాయి. విద్యార్థులను గినియాకే తీసుకెళ్ళే శిక్షణలూ చాలాకాలంగా నడుస్తున్నాయి.

మలింకే ఊరికి వెళ్ళిన కొత్తవాళ్ళ చేతికి ముందుగా వచ్చేది సాధారణంగా కెన్కెని. చిన్న డోలు, కొద్ది దెబ్బలు, మారని వరుస. అయిదు నిమిషాల్లో వచ్చేసిందనిపిస్తుంది. పక్కన సంగ్బాన్ మొదలవుతుంది, దునున్బా లోతు నుంచి అడ్డంగా వస్తుంది, ప్రధాన జెంబే ఎదురు పోతుంది, వలయంలో ఒక ముసలావిడ భుజాలు విదిలిస్తూ ముందుకొస్తుంది. చెయ్యి ఆవిడ పాదం వెంట వెళ్ళబోతుంది, దునున్బా వెంట వెళ్ళబోతుంది. పక్కన డబ్బాలు బోర్లించుకుని కూర్చున్న పిల్లలు కెన్కెని వరుసను తప్పకుండా కొడుతూనే ఉంటారు. కొత్తవాడి చెయ్యి జారినప్పుడు వాళ్ళే ముందు తలెత్తి చూస్తారు.